అప్‌డేట్: 1971లో కనిపించకుండా పోయిన పైలట్ తాతయ్య పేరు దొరికింది

మా అమ్మమ్మ తమ్ముడు ఎయిర్‌ఫోర్స్ పైలట్, 1971 యుద్ధంలో విమానంతో సహా కనిపించకుండా పోయారు, ఆయన పేరు ఎక్కడైనా చెక్కారా అని అడిగాను కదా. దొరికింది! వైజాగ్ బీచ్ రోడ్డులో ఉన్న విక్టరీ ఎట్ సీ స్మారకం 1971లో నేవీ గెలుపుకి గుర్తుగా 1996లో కట్టింది, అక్కడ కాదు. ఢిల్లీలో 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో, అమరుల పేర్లు చెక్కిన త్యాగ చక్రం గోడల గ్రానైట్ పలకల మీద. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా పెద్దమ్మ కొడుకు ఫోటో పంపాడు. అమ్మమ్మ ఫోన్‌లో ఆ అక్షరాలు పెద్దవి చేయించుకుని, వేలితో తడుముతూ, "మరి పాకిస్తాన్ జైళ్లలో ఉన్నారన్న ఆ 54 మంది సంగతేమిట్రా?" అంది. యుద్ధంలో కనిపించకుండా పోయి, అక్కడ ఖైదీలుగా ఉన్నారని చెప్పుకునే మన సైనికుల గురించి ఆవిడ అడిగేది. పాకిస్తాన్ వాళ్లేమో మా దగ్గర ఎవరూ లేరనే అంటున్నారు, అది ఈవిడకు చెప్పి ఏం లాభం. ఢిల్లీ స్మారకంలో వెతకమని దారి చూపిన రిటైర్డ్ నేవీ అంకుల్‌కి చాలా థాంక్స్.