50 శాతం బీకేసీ క్యాన్: బకెట్‌కి ఎంత, ఎక్కడ జాగ్రత్త

పటమట_శుభ్రత
ఒక నర్సింగ్ హోమ్, రెండు అపార్ట్‌మెంట్లు. నేలలు, రెయిలింగులు, లిఫ్టు బటన్లు తుడిచే పని. ఇన్నాళ్లూ నీళ్లు కలిపి అమ్మే క్రిమిసంహారిణి వాడారు. ఇప్పుడు బెంజాల్కోనియం క్లోరైడ్ (బీకేసీ) అనే క్రిమిసంహారిణి, చిక్కటి 50 శాతం రకం, 5 లీటర్ల క్యాన్ తెప్పించారు. పనివాళ్లు క్యాన్ మూతతో కొలిచి పోస్తున్నారు. 10 లీటర్ల బకెట్‌కి అసలు ఎంత పోయాలి? బోరు నీళ్లు పనికొస్తాయా? బట్టల పౌడర్‌తో కడిగిన వెంటనే ఇది పెట్టొచ్చా? వివరంగా చెప్పండి.

కెమిస్ట్రీ_గుంటూరు
ముందు లెక్క. మామూలుగా తుడిచే ఉపరితలాలకి 0.1 శాతం ద్రావణం కలుపుతారు, అంటే 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో 1000), లీటరుకి 1 గ్రాము అసలు మందు. మీ కంపెనీ లేబుల్ మీద వేరే మోతాదు ఉంటే అదే పాటించండి. 10 లీటర్లకి 10 గ్రాములు కావాలి. 50 శాతం క్యాన్‌లో సగమే మందు కాబట్టి 20 మిల్లీలీటర్లు పోయాలి. అదే 80 శాతం రకమైతే 12.5, 10 శాతం రకమైతే 100 మిల్లీలీటర్లు. మూడు రకాలూ బజార్లో ఒకేలాంటి తెల్ల క్యాన్లలో వస్తాయి. 10 శాతం రకాన్ని 50 అనుకుని 20 మిల్లీలీటర్లే పోస్తే బకెట్‌లో ఉండేది 200 పీపీఎం. 80 శాతాన్ని 50 అనుకుంటే 1600. కొత్త క్యాన్ వచ్చిన ప్రతిసారీ శాతం చదివి, పెద్ద అక్షరాలతో క్యాన్ మీదే రాయండి.

మూతతో కొలత మానేయండి. ఒక్కో క్యాన్ మూత ఒక్కో సైజు. 20 మిల్లీలీటర్ల సూది లేని సిరంజి గానీ చిన్న కొలత గ్లాసు గానీ దానికే కేటాయించండి. ఇంకో లెక్క కూడా చూసుకోండి: ఈ కొలతతో 5 లీటర్ల క్యాన్‌కి 250 బకెట్లు రావాలి. 100 బకెట్లకే అయిపోయిందంటే ఒక్కో బకెట్‌లో 50 మిల్లీలీటర్లు పడుతున్నట్టు, అంటే 2500 పీపీఎం. ఖర్చు అలా ఉంచితే, నేల జిగటగా మారి తడి మీద కాలు జారుతుంది, తుడిచేవాళ్ల చేతులు పగులుతాయి.

బట్టల పౌడర్ సంగతి. పౌడర్‌లోని సబ్బు అణువుకి రుణావేశం ఉంటుంది, బీకేసీది ధనావేశం. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి పట్టేసుకుని పనికిరాకుండా పోతాయి. నీళ్లు తెల్లగా విరిగినట్టు కనిపిస్తే జరిగింది అదే. పౌడర్‌తో కడిగాక మామూలు నీళ్లతో రెండుసార్లు తుడిచి, ఆ తర్వాతే బీకేసీ పెట్టండి. నల్ల ఫినాయిల్‌లో కూడా సబ్బు ఉంటుంది. దాన్నీ కలపొద్దు.

సరఫరా_గవర్నర్‌పేట
బోరు నీళ్లలో ఉప్పు, కాల్షియం ఎక్కువైతే మందు బలం తగ్గుతుంది. కుళాయికి వచ్చే కృష్ణా నీళ్లు దొరికితే అవే వాడండి. బోరు తప్పకపోతే క్వాట్ (బీకేసీ కోవకి చెందిన మందులు) టెస్ట్ స్ట్రిప్స్ తెప్పించుకోండి. కాగితం ముక్కని బకెట్‌లో ముంచి, రంగు చూసి బలం చెప్పొచ్చు. 1000 పీపీఎం దాకా కొలిచే రకం అడగండి. 400తో ఆగేవే కొందరు ఇస్తారు, అది మీకు సరిపోదు.

80 శాతం క్యాన్ ఎప్పుడైనా కొంటే ఇంకో జాగ్రత్త ఉంది. వాటిలో చాలావాటిలో ఇథనాల్ ఉంటుంది, మంట అంటుకునే సరుకు. మే నెల ఎండలో రేకుల షెడ్డులో, జనరేటర్ పక్కన పెట్టకూడదు. ఏ శాతమైనా అల్యూమినియం, ఇనుప పాత్రల్లో పోసి ఉంచొద్దు. వచ్చిన ప్లాస్టిక్ క్యాన్‌లోనే ఉంచాలి.

పటమట_శుభ్రత
కలిపేటప్పుడు ఏది ముందు? నురుగు విపరీతంగా వస్తోంది.

కెమిస్ట్రీ_గుంటూరు
నీళ్లు ముందు. బకెట్‌లో 9 లీటర్లు పట్టి కుళాయి కట్టేసి, మందు అంచు పక్కనుంచి మెల్లగా వదలండి. కర్రతో నిదానంగా కలిపి మిగతా లీటరు పోయండి. మందు ముందు పోసి కుళాయి తిప్పితే నురుగుతోపాటు చిక్కటి మందు ముఖం మీదికి చిందుతుంది. కన్నుకి ప్రమాదం వచ్చేది అక్కడే. కలిపిన 0.1 శాతం నీళ్లు చేతికి తగిలితే కడుక్కుంటే సరిపోతుంది. క్యాన్‌లో ఉన్న 50 శాతం మాత్రం చర్మాన్ని కాలుస్తుంది, కంటి నల్లగుడ్డుని శాశ్వతంగా పాడుచేయగలదు. కాబట్టి క్యాన్ మూత తీసేవాళ్లకి నైట్రైల్ గ్లవ్స్, పక్కలు మూసి ఉన్న కళ్లద్దాలు, ప్లాస్టిక్ ఏప్రాన్, మూసి ఉన్న బూట్లు ఉండాలి. మామూలు చూపు కళ్లద్దాలు చాలవు, పక్కనుంచి చిందుతుంది.

వార్డు_సిస్టర్
నర్సింగ్ హోమ్ అన్నారు కాబట్టి రాస్తున్నా. దయచేసి పని చేయించేవాళ్లకి చదివి వినిపించండి.

మందు ఉపరితలం మీద తడిగా 10 నిమిషాలు ఉండాలి. మన వేసవిలో ఫ్యాన్ కింద అంతకు చాలా ముందే ఆరిపోతుంది. ఆరితే మళ్లీ తడపాలి. మరకలు, రక్తం, బురద ఉన్నచోట ముందు అవి తీసేయాలి, మురికి మందుని తినేస్తుంది. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలాంటి సందర్భంలో ఒండ్రు ఎత్తి, కడిగిన తర్వాతే ఏ క్రిమిసంహారిణి అయినా పనిచేస్తుంది.

నూలు మాపులు, నూలు గుడ్డలు బీకేసీని పీల్చి పట్టుకుంటాయి. బకెట్‌లో 1000 ఉన్నా నేలకి తగిలేది బాగా తక్కువ. పాలిస్టర్ లేదా మైక్రోఫైబర్ వాడండి. దూదిని బీకేసీలో నానబెట్టి డబ్బాలో ఉంచే పాత అలవాటు ఎక్కడైనా కనిపిస్తే ఆపించండి. ఆ డబ్బాల్లోనే సూడోమోనాస్, బర్‌ఖోల్డేరియా లాంటి బ్యాక్టీరియా బతికి రోగులకి సోకిన సంఘటనలు వైద్య పత్రికల్లో చాలా నమోదయ్యాయి. స్ప్రే బాటిల్‌లో మిగిలినదాని మీద కొత్తది పోయడం కూడా ఇలాంటిదే. రోజూ ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి, మళ్లీ నింపాలి. బాటిల్ మీద తేదీ రాయాలి.

స్పోర్లని, అంటే గట్టి పెంకుతో నిద్రాణంగా ఉండే బ్యాక్టీరియా రూపాలని, ఇది చంపదు. పరికరాలని ముంచి స్టెరిలైజ్ అయిందనుకోకూడదు. గాయాలకి, పుండ్లకి ఈ క్యాన్‌లోది కలిపి పెట్టొద్దు.

తెనాలి_ఎఫ్ఎం
మా దగ్గర ఆపరేషన్ థియేటర్ బయట వరండాకి రెట్టింపు మోతాదు పోస్తారు, భద్రంగా ఉంటుందని. తప్పా? అలాగే అపార్ట్‌మెంట్‌లో ఫాగింగ్ యంత్రంలో పోసి లిఫ్టులో కొట్టమని అసోసియేషన్ వాళ్లు అడుగుతున్నారు.

వార్డు_సిస్టర్
రెట్టింపు పోస్తే సమయం సగం అవదు. తడి ఎంతసేపు ఉందన్నదే ముఖ్యం. 10 నిమిషాలు చాలవనిపిస్తే రెండోసారి తుడవండి, మందు పెంచకండి.

లిఫ్టులో ఫాగింగ్ వద్దే వద్దండి. మూసిన చిన్న గదిలో ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి వెళ్తే దగ్గు, ఆయాసం వస్తాయి, ఉబ్బసం ఉన్నవాళ్లకి మరీ కష్టం. చర్మం మీద పనికొచ్చే మోతాదు ఊపిరికి పనికిరాదు. దక్షిణ కొరియాలో హ్యూమిడిఫైయర్ నీళ్లలో క్రిమిసంహారిణులు కలిపి వాడటంవల్ల జనం ఊపిరితిత్తులు దెబ్బతిని చనిపోయారని 2011లో బయటపడింది. అక్కడి మందులు వేరు, దారి మాత్రం అదే, పీల్చడం. మనుషుల మీద చల్లడం కూడా వద్దని 2020 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. లిఫ్టు బటన్లకి గుడ్డ తడిపి తుడిస్తే చాలు.

బ్రాడీపేట_పశువైద్యం
అపార్ట్‌మెంట్ కాబట్టి పిల్లుల సంగతి. తడి నేల మీద నడిచి పాదాలు నాకుతాయి. నాలుక మీద పుండ్లు పడి, చొంగ కార్చి, తిండి మానేస్తాయి. ఆరేదాకా దూరంగా ఉంచమని చెప్పండి. అక్వేరియం అద్దాలు దీంతో తుడవొద్దు, చేపలకి లీటరుకి ఒక మిల్లీగ్రాము లోపే ప్రాణాంతకం. అందుకే మిగిలిన మందుని, క్యాన్ కడిగిన నీళ్లని బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువల్లోకి వదలకండి.

సరఫరా_గవర్నర్‌పేట
బ్లీచింగ్ పౌడర్‌తో కలపొద్దన్నది ఎవరూ రాయలేదు. "రెండూ క్రిములు చంపేవేగా" అని ఒకే బకెట్‌లో పోస్తారు. రెండిటి బలమూ పోతుంది, మంట పుట్టించే ఆవిరి రావచ్చు. ఒకరోజు ఇది, ఇంకోరోజు అది వాడేటప్పుడు మధ్యలో నీళ్లతో కడగాలి. టాయిలెట్ యాసిడ్‌తోనూ ఇదే నియమం.

పటమట_శుభ్రత
చాలా థాంక్స్ అండి. చిందితే, పొరపాటున మింగితే ఏం చేయాలో కాగితం మీద రాసి గోడకి అంటించాలనుకుంటున్నా. ఏం రాయను?

వార్డు_సిస్టర్
కంట్లో పడితే: వెంటనే కుళాయి కింద రెప్పలు విప్పి పట్టుకుని 20 నిమిషాలు, గడియారం చూసి. కాంటాక్ట్ లెన్స్ ఉంటే తీసేయాలి. మంట తగ్గినా డాక్టర్‌కి చూపించాలి.

ఒంటి మీద పడితే: తడిసిన బట్టలు, చెప్పులు, వాచీ తీసేసి 15 నిమిషాలు నీళ్లు. తోలు చెప్పు మందుని పీల్చుకుంటుంది, మళ్లీ తొడిగితే మళ్లీ కాలుతుంది. పసుపు, కొబ్బరినూనె, టూత్‌పేస్ట్ పూయొద్దు.

మింగితే: ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకూడదు, దిగేటప్పుడు కాల్చింది పైకి వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. నోరు పుక్కిలించి, 108కి ఫోన్ చేసి, క్యాన్ లేబుల్ ఫోటో వెంట తీసుకెళ్లాలి. గొంతు వాచొచ్చు, కండరాలు బలహీనపడి ఊపిరి ఆడకపోవచ్చు. కాబట్టి "బాగానే ఉన్నాడుగా" అని ఇంట్లో ఉంచకూడదు.

మింగడం ఎక్కువగా జరిగేది నీళ్ల బాటిల్‌లో, కూల్‌డ్రింక్ బాటిల్‌లో పోసి పక్కన పెట్టినప్పుడు. ఇది రంగు లేకుండా లేదా లేత పసుపుగా, కాస్త బాదం వాసనతో ఉంటుంది. పిల్లలకి భయపడే వాసన కాదు. సెక్యూరిటీ గదికి, రెండో బ్లాకుకి పంచుకోవాలంటే కలిపిన నీళ్లే పంచండి, చిక్కటిది వద్దు.

కెమిస్ట్రీ_గుంటూరు
ఖాళీ క్యాన్ కూడా. కొద్దిగా నీళ్లు పోసి, మూత బిగించి, ఊపి, ఆ నీళ్లని తర్వాతి బకెట్ కలిపే నీళ్లలోనే వాడేయండి. అలా మూడుసార్లు. తర్వాత అడుగున చాకుతో రెండు గాట్లు పెట్టండి. గాటు లేని 5 లీటర్ల క్యాన్ ఎవరో ఒకరు మంచినీళ్లకి తీసుకెళ్తారు.