ట్రైలర్ మీది వించ్‌కు కరెంటు: బండి నుంచి కేబులా, ట్రైలర్ మీదే బ్యాటరీయా?

కొత్తఇరుసు:
కార్లను ఎక్కించే ట్రైలర్ ముందు భాగంలో 12 వోల్టుల వించ్ (మోటారుతో తాడు చుట్టుకుంటూ బరువును లాగే యంత్రం) ఒకటి బిగించాను. దాని లాగుడు సామర్థ్యం 2,200 కిలోలు. పూర్తి బరువు మీద 200 ఆంపియర్ల వరకు తీసుకుంటుందని దానితో వచ్చిన కాగితంలో ఉంది. బండి బ్యాటరీ దగ్గర నుంచి వించ్ దాకా కేబుల్ నడవవలసిన దారిని తాడు పెట్టి కొలిస్తే 7 మీటర్లు వచ్చింది. బండి బ్యాటరీ నుంచే మందపాటి కేబుల్ తీసుకురావాలా, ట్రైలర్ మీద విడిగా బ్యాటరీ పెట్టుకోవాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పగలరు.

రాగితీగ:
కేబులే వేయండి. దూరం 7 మీటర్లు కనుక పోను రాను 14 మీటర్ల తీగ అవుతుంది. 50 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ అయితే మొత్తం నిరోధం 5 మిల్లీఓమ్‌లకు కాస్త తక్కువ ఉంటుంది కాబట్టి, 200 ఆంపియర్లు ప్రవహించినా దారిలో పోయేది ఒక వోల్టు లోపే. ఇంజను నడుస్తూ ఉంటే, దానితో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ కూడా చేయందిస్తుంది. బండి బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టి, వెనుక బంపరు దగ్గర 175 ఆంపియర్ల యాండర్సన్ ప్లగ్ (ఎక్కువ కరెంటు తీగలను కలిపి విడదీసే ప్లగ్) కాకుండా 350 ఆంపియర్లది బిగించండి. నెగెటివ్‌కు కూడా అంతే మందం గల కేబుల్ విడిగా వేయాలి. ట్రైలర్‌ను బండికి తగిలించే, గ్రీజూ తుప్పూ పట్టిన హిచ్ బంతి మీదుగా 200 ఆంపియర్లు తిరిగి వస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

బ్యాటరీపెట్టె:
నా సలహా ఇందుకు పూర్తిగా విరుద్ధం. వించ్‌కు ఒక మీటరు దూరంలో బ్యాటరీ పెట్టె ఉంటే అదే మందం కేబుల్‌లో పోయేది వోల్టులో ఏడో వంతు మాత్రమే. కారును ఎక్కించడానికి మూడు నిమిషాలు పడుతుందనుకుందాం. ఆ మూడు నిమిషాలూ 200 ఆంపియర్లు తీసుకున్నా ఖర్చయ్యేది 10 ఆంపియర్-గంటలు. 100 ఆంపియర్-గంటల బ్యాటరీకి అది పెద్ద లెక్క కాదు, ప్రయాణంలో ట్రైలర్ ప్లగ్ ద్వారా అది తిరిగి నిండుతుంది. ఈ మూడు నిమిషాల కోసం ఆరు కిలోలకు పైగా రాగిని బండి అడుగున కట్టుకుని తిరగడంలో అర్థం లేదు.

గొలుసు:
లిథియం బ్యాటరీ పెట్టాలనుకుంటే దాని లోపలి రక్షణ సర్క్యూట్ ఎన్ని ఆంపియర్లు ఇవ్వనిస్తుందో ముందుగా చూడండి. 100 ఆంపియర్ల దగ్గర ఆపేసేది అయితే కారు ర్యాంపు మధ్యలో ఉండగానే వించ్ ఆగిపోతుంది.

రాగితీగ:
ఆ 10 ఆంపియర్-గంటల లెక్క కాగితం మీద మాత్రమే నిలుస్తుంది. లెడ్ బ్యాటరీ మీద రాసి ఉండే సామర్థ్యం సాధారణంగా 20 గంటల పాటు నెమ్మదిగా వాడినప్పటిది. 200 ఆంపియర్ల చొప్పున పిండితే అందులో చాలా భాగం చేతికి రాదు. ఇక ట్రైలర్ ప్లగ్ ద్వారా నిండుతుందన్న మాట చూద్దాం. ఏడు పిన్నుల ప్లగ్‌కు వచ్చే తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లది అనుకుంటే, 14 మీటర్లలో 15 ఆంపియర్లకే దాదాపు ఒకటిన్నర వోల్టు పోతుంది. ఆల్టర్నేటర్ ఇచ్చే 14.2 వోల్టులు ట్రైలర్ చేరేసరికి 12.7 అవుతాయి. ఆ వోల్టేజీతో ఏ లెడ్ బ్యాటరీ నిండుగా ఛార్జ్ కాదు. అవసరం లేనప్పుడు వోల్టేజీని తనంతట తానే తగ్గించే ఆల్టర్నేటర్లు ఇప్పటి బండ్లలో ఎక్కువగా వస్తున్నాయి కాబట్టి పరిస్థితి ఇంకా అన్యాయంగా ఉంటుంది.

బ్యాటరీపెట్టె:
మీరు చెప్పిన ఇబ్బందికి డీసీ-డీసీ ఛార్జర్ అనే పరిష్కారం ఎప్పుడో వచ్చింది. దాన్ని ట్రైలర్ మీద, బ్యాటరీ పక్కన బిగిస్తే తన దగ్గరికి 12 వోల్టులే చేరినా వాటిని 14 దాటించి బ్యాటరీకి అందిస్తుంది. ఆ సన్నటి తీగ తట్టుకోగలిగే చిన్న ఛార్జరు ఎంచుకుంటే చాలు.

కేబుల్ గురించి నా అనుభవం కూడా చెప్పాలి. నాకు పరిచయమున్న ఒకరి బండిలో ఇలాగే మందపాటి కేబుల్‌ను చాసిస్ పక్కగా నడిపించారు. ఒక క్లిప్పు ఊడి, కేబుల్ ఇనుప అంచుకు నెలల తరబడి రాసుకుని, పైతొడుగు అరిగి షార్టయింది. ఫ్యూజు లేదు. బండి ఆపి తలుపు తీసేసరికి నేలచాప కింద నుంచి పొగ వస్తోంది. ఆ రోజు ఆ బండిలో నేనూ ఉన్నాను. అంత శక్తి గల తీగను మనుషులు కూర్చునే బండి అడుగున నడపడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

రాగితీగ:
ఫ్యూజు పెట్టకపోవడం కేబుల్ తప్పు కాదు. ఫ్యూజు తప్పనిసరి అని నా మొదటి సమాధానంలోనే రాశాను.

నా అనుభవం కూడా వినండి. మా ట్రైలర్ మీద ఒకప్పుడు మీరు చెప్పిన బ్యాటరీ పెట్టే ఉండేది. ఒక వర్షాకాలమంతా కదలకుండా పడి ఉన్న ట్రైలర్‌ను బయటికి తీసి, ఒక వ్యానును ఎక్కించబోయాము. వ్యాను ముందు చక్రాలు ర్యాంపు దాటగానే బ్యాటరీ కుంగింది, బటన్ నొక్కితే మోటారుకు కరెంటు కలిపే స్విచ్, అంటే సోలనాయిడ్, టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. నేను బటన్ వదిలేశాను, అయినా వించ్ ఆగలేదు. వ్యాను వచ్చి ముందు కమ్మీకి ఆనింది, తాడు ఇంకా బిగుస్తూనే ఉంది. పాన తెచ్చి టెర్మినల్ ఊడదీసేదాకా మోటారు గుర్రుమంటూనే ఉంది. తరువాత సోలనాయిడ్ మూత విప్పి చూస్తే, రాగి బిళ్ళ దాని ఎదుటి కాంటాక్టుకు ఒక అంచున కరిగి అతుక్కుపోయి ఉంది. ఆ అతుకు అగ్గిపుల్ల తలకంటే పెద్దది కాదు. వోల్టేజీ కుంగినప్పుడు సోలనాయిడ్ గట్టిగా పట్టుకోలేక కొట్టుకుంటుంది, కొట్టుకున్న ప్రతిసారీ నిప్పురవ్వ లేస్తుంది, చివరికి అతుక్కుంటుంది. ఎవరూ చూడని బ్యాటరీ చేసే పని ఇది.

బ్యాటరీపెట్టె:
చూడనిది మీరు. మూడు నెలలు ఛార్జ్ చేయకుండా వదిలేసి, బ్యాటరీని నిందించడం న్యాయం కాదు. పైగా అంత కరెంటు దారిలో చేత్తో తిప్పి ఆపగలిగే ఐసొలేటర్ స్విచ్ కూడా లేకుండా పనిచేశారు.

రాగితీగ:
ఫ్యూజు లేని బండిలో కూర్చుని వెళ్ళినవారు నాకు జాగ్రత్తలు చెప్పనవసరం లేదు.

తాడుచుట్ట:
ఇద్దరూ 200 ఆంపియర్ల దగ్గరే ఆగిపోయారు. 1,500 కిలోల కారు, 15 డిగ్రీల ర్యాంపు అనుకోండి. చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతుంటే వాలుకు 390 కిలోలు, దొర్లడానికి మరో 30 కలిపి సుమారు 420 కిలోల లాగుడు సరిపోతుంది. ఈ వించ్ సామర్థ్యంలో అది ఐదో వంతు. చక్రాలు బిగుసుకుపోయిన కారు అయితే మాత్రం రబ్బరు ఈడ్చుకుంటూ రావాలి కనుక అది 1,400 కిలోల దాకా పోతుంది. అలాంటప్పుడు కప్పీ వేసి తాడును రెండు పేటలు చేస్తే వించ్ మీద బరువు సగమవుతుంది, కారు రావడానికి రెట్టింపు సమయం పడుతుంది. డ్రమ్ము మీద తాడు ఎన్ని వరసలు మిగిలి ఉందో కూడా గమనించాలి, ఎందుకంటే కాగితంలోని 2,200 కిలోలు అన్నిటికంటే లోపలి వరసకు మాత్రమే వర్తిస్తుంది.

కేబుల్‌లో ఒక వోల్టు పోయినంత మాత్రాన లాగే బలం తగ్గదని కూడా గుర్తుంచుకోండి. మోటారు బలం కరెంటును బట్టి, వేగం వోల్టేజీని బట్టి ఉంటాయి. కారు కాస్త నెమ్మదిగా వస్తుంది, ఆ మేరకు మోటారు ఎక్కువసేపు వేడెక్కుతుంది.

కొత్తఇరుసు:
నేను ఎక్కించేవి ఎక్కువగా చక్రాలు తిరిగే కార్లే. నెలకు రెండు సార్లు పని ఉంటుంది, లాగే బండి ఎప్పుడూ ఒకటే.

బ్యాటరీపెట్టె:
మీకు బండి ఒకటే కావచ్చు. మా ట్రైలర్‌ను నలుగురం వాడుకుంటాము, నాలుగు వేర్వేరు బండ్లతో లాగుతాము. నాలుగింటికీ కేబుల్ వేయించడం కుదరని పని. బండి ఏదైనా, అసలు బండి లేకపోయినా వించ్ పనిచేయాలి. బోల్తా పడిన కారు దగ్గరికి వెళ్ళినప్పుడు లాగే బండిని విప్పి, ముందు దానితో కారును సరిచేసి, ఆ తరువాత ట్రైలర్ మీదికి ఎక్కించిన రోజులున్నాయి.

రాగితీగ:
నేను వద్దంటున్నది సరిగ్గా దీన్నే, ఇంతసేపూ వోల్టుల లెక్కల్లో పడి సూటిగా చెప్పలేకపోయాను. బండి తగిలించకుండా కారును ఎక్కిస్తే, బరువు ఇరుసుల వెనుక ఉన్నంతసేపూ ట్రైలర్ ముక్కు పైకి లేచే ప్రమాదం ఉంది. వెనుక ఆనింపు కాళ్ళు వేయడం మరిచిపోయినవాడికి ఆ బ్యాటరీ పెట్టె అడ్డు చెప్పదు. కరెంటు బండి నుంచే వస్తే, బండి తగిలించి ప్లగ్ గుచ్చేదాకా ఎవరూ వించ్ తిప్పలేరు. నేను కోరుకునేది ఆ కట్టడి.

బ్యాటరీపెట్టె:
ఆ భయం సబబైనదే, నేను కాదనను. కానీ దాన్ని అలా చెప్పి ఉంటే ఆనింపు కాళ్ళ గురించి మాట్లాడుకునేవాళ్ళం. మా ట్రైలర్‌కు వెనుక రెండు కాళ్ళు శాశ్వతంగా బిగించి ఉన్నాయి. ఐసొలేటర్ తాళం పెట్టె లోపల ఉంటుంది, కాళ్ళు దించిన మనిషే దాన్ని తీస్తాడు. మీ కట్టడి తీగలో ఉంది, మాది మనిషి చేతిలో ఉంది.

రాగితీగ:
మనిషి చేతిలో ఉన్న కట్టడిని నేను నమ్మను. నలుగురు వాడే ట్రైలర్ విషయంలో అసలే నమ్మను.

కొత్తఇరుసు:
నా బండి ఒకటే కనుక, 50 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేసి, బ్యాటరీ దగ్గర ఫ్యూజు, వించ్ పక్కన ఐసొలేటర్ బిగిస్తాను. ఆనింపు కాళ్ళు కూడా వేయిస్తున్నాను. మొదటిసారి కారును లాగేటప్పుడు సోలనాయిడ్ టెర్మినళ్ళ దగ్గర మల్టీమీటర్ పెట్టి, వోల్టేజీ ఎంత దాకా దిగిందో ఇక్కడ రాస్తాను.

తాడుచుట్ట:
ఆ కొలత తీసుకునేటప్పుడు తాడు వరసకు పక్కగా నిలబడకండి. మీటరును టేపుతో అంటించి, వీడియో తీసుకుని తరువాత చూడండి.