ఇంట్లో ఒకరికి ఫ్లూ: డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో అత్తమ్మకు, బాబుకు అంటకుండా చూసుకోవడం ఎలా?

కొత్తపేట_కోడలు:
మా ఆయనకు నిన్న సాయంత్రం నుంచి చలిజ్వరం, ఒళ్ళు నొప్పులు, పొడిదగ్గు. పొద్దున చూపిస్తే ముక్కులోంచి స్వాబ్ తీసి ఫ్లూ ‘ఏ’ రకం అన్నారు. ఆయన మందులు ఆయన వాడుతున్నారు. నా దిగులంతా అత్తమ్మ గురించే. 68 ఏళ్ళు, షుగర్ ఉంది, కిడ్నీలు కొంచెం వీక్ అన్నారు. బాబుకు రెండున్నరేళ్ళు, 12 కిలోలు. ఆయన్ని అటాచ్డ్ బాత్రూమ్ ఉన్న గదిలో ఉంచాం. ఆ గదికి ఒక్కటే కిటికీ, స్ప్లిట్ ఏసీ ఉంది. తలుపు వేసి ఏసీ పెట్టుకోవచ్చా? మిగతావాళ్ళకు ముందుగానే ఏదైనా మందు వేయాలా? పక్కింటివాళ్ళేమో అందరికీ అజిత్రోమైసిన్ మూడు రోజులు వేసేయమంటున్నారు.

గాలి_లెక్క:
ముందు ఏసీ సంగతి. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని ఒక్క చుక్క కూడా లోపలికి తేదు, గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. ఆయన దగ్గినప్పుడు, మాట్లాడినప్పుడు వచ్చే సన్న తుంపర్లు ఆ గాలిలోనే పేరుకుంటాయి. మీరు అన్నం ప్లేటుతో తలుపు తీయగానే అదంతా హాల్లోకి వస్తుంది. ఏసీ కావాలంటే పెట్టుకోండి, కానీ బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపకండి. కరెంటు కొంచెం ఎక్కువ కాలుతుంది, కాలనివ్వండి.

చేయాల్సింది ఇది. అటాచ్డ్ బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ రాత్రీ పగలూ ఆన్‌లో ఉంచి, బాత్రూమ్ తలుపు తెరిచి పెట్టండి. గది తలుపు మూయండి, కానీ కింద సందు వదలండి. చాలామంది వైరస్ బయటికి రాకూడదని ఆ సందులో తడి టవల్ కుక్కుతారు. అక్కడే దెబ్బతింటారు. ఫ్యాన్ గాలిని బయటికి తోయాలంటే అంత గాలి ఎక్కడినుంచో లోపలికి రావాలి. హాల్లో బాల్కనీ తలుపు తెరిస్తే గాలి అటునుంచి వచ్చి, సందులోంచి ఆయన గదిలోకి వెళ్ళి, బాత్రూమ్ గుండా బయటికి పోతుంది. హాలు నుంచి గదికే పోవాలి, అటునుంచి ఇటు రాకూడదు. బయటి గాలి జోరుగా ఉన్నప్పుడు ఆయన గది కిటికీ బార్లా తీస్తే ఈ దారి తలకిందులవుతుంది, అప్పుడు ఓరగా ఉంచితే చాలు.

10 బై 12 గది, 10 అడుగుల ఎత్తు అనుకుంటే దాదాపు 34 ఘనపు మీటర్ల గాలి. ఫ్యాన్ డబ్బా మీద గంటకు 200 ఘనపు మీటర్లు అని ఉంటే గంటకు ఆరుసార్లు గాలి మారినట్టు. ఆ లెక్కన మనిషి బయటికొచ్చాక గదిలో మిగిలినదాంట్లో 99 శాతం పోవడానికి ముప్పావు గంట పడుతుంది. జాలీకి దుమ్ము పట్టి ఉంటే ఇంకా ఎక్కువే. ముందు దాన్ని విప్పి కడగండి.

పని చేస్తోందో లేదో చూడ్డానికి ఒక అగరుబత్తి చాలు. గది తలుపు కింద సందు దగ్గర పట్టుకోండి. పొగ లోపలికి లాక్కుపోతే సరే.

ఇంకొకటి, ఆ బాత్రూమ్ నహాని ట్రాప్‌లో (నేల జాలీ కింద నీళ్ళు నిలిచే వంపులో) రోజూ ఒక మగ్గు నీళ్ళు పోయండి. ట్రాప్ ఎండిపోతే ఎగ్జాస్ట్ ఫ్యాన్ డ్రైనేజీ పైపులోని గాలిని పైకి లాగుతుంది. 2003లో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అపార్ట్‌మెంట్లలో సార్స్ మూడొందల మందికి పైగా సోకడానికి ఎండిన ట్రాపులు, బాత్రూమ్ ఫ్యాన్లు ఒక కారణమని తేల్చారు. ఫ్లూ అలా వస్తుందని కాదు, వాడుకలో లేని బాత్రూమ్ ఏదైనా ఉంటే మాత్రం ఈ అలవాటు మంచిది.

మందుల_షాపు_మలక్‌పేట:
అజిత్రోమైసిన్ బ్యాక్టీరియా మందు, ఫ్లూ వైరస్‌ను అది ముట్టుకోదు. దయచేసి వేయకండి. దాని అవసరం వేరే సందర్భంలో రావచ్చు: జ్వరం తగ్గి, ఒకటి రెండు రోజులు బాగుండి, మళ్ళీ జ్వరం ఎగబాకి చిక్కటి కఫం, ఆయాసం మొదలైతే వైరస్ వెనకాల న్యుమోనియా వచ్చిందేమో చూడాలి. అప్పుడు కూడా ఏ యాంటీబయాటిక్ అన్నది డాక్టరే చెప్పాలి.

ఫ్లూకు అసలు మందు ఒసెల్టామివిర్. పెద్దవాళ్ళకు 75 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, అయిదు రోజులు. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు పడితే ఎక్కువ ఫలితం. అత్తమ్మలాంటి వాళ్ళకు ఆ గడువు దాటినా ఇస్తారు. ఖాళీ కడుపున వాంతి రావచ్చు, తిన్నాక వేయాలి.

అంటకముందే వాడే పద్ధతీ ఉంది: 75 మి.గ్రా. రోజుకు ఒక్కసారి, మామూలుగా 10 రోజులు. కానీ ఈ మందు కిడ్నీల గుండానే బయటికి పోతుంది కాబట్టి అత్తమ్మకు మోతాదు తగ్గించాల్సి రావచ్చు. 30 మి.గ్రా. క్యాప్సూల్ అందుకే ఉంది. ఆమె క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు ఫోన్లో ఫోటో తీసుకుని ఈరోజే డాక్టర్‌కు చూపించండి. రేపటికి వాయిదా వేయకండి. రోజుకొకటి వాడుతుండగా ఆమెకు జ్వరమో దగ్గో మొదలైతే అదే మోతాదు కొనసాగించకూడదు, చికిత్స మోతాదుకు మార్చాలి. చాలీచాలని మోతాదు వైరస్‌ను ఆపదు, మందుకు లొంగకుండా తయారయ్యే వీలిస్తుంది.

పెద్దవాళ్ళలో జ్వరం పెద్దగా కనపడకపోవచ్చు. తిండి మానేయడం, మగతగా ఉండడం, మాట తడబడడం, షుగర్ ఉన్నట్టుండి పెరగడం, వీటినే మొదటి గుర్తులుగా తీసుకోండి. పూటపూటా గ్లూకోమీటర్‌తో చూడండి.

కొత్తపేట_కోడలు:
డాక్టర్‌కు రిపోర్టు పంపాను, సాయంత్రం అత్తమ్మను తీసుకురమ్మన్నారు. అగరుబత్తి పెట్టి చూశాను. పొగ గది నుంచి హాల్లోకి వస్తోంది! ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

గాలి_లెక్క:
వంటింట్లో చిమ్నీ ఆన్‌లో ఉందా? అదే కారణం అయుంటుంది. చిమ్నీలు గంటకు వెయ్యి ఘనపు మీటర్ల పైనే లాగుతాయి, మీ బాత్రూమ్ ఫ్యాన్ దాని ముందు చిన్నపిల్ల. ఇల్లు మూసి ఉంటే చిమ్నీ ఆయన గది గాలిని కూడా హాలు మీదుగా లాగేస్తుంది. వంట చేసేటప్పుడు వంటింటి కిటికీ, బాల్కనీ తలుపు రెండూ తెరవండి. చిమ్నీకి గాలి అక్కడే దొరుకుతుంది. మళ్ళీ అగరుబత్తి పరీక్ష చేయండి. అప్పటికీ పొగ ఇటే వస్తే ఈ వారం రోజులూ చిమ్నీ ఆపి కిటికీ తీసి వండుకోండి.

కొత్తపేట_కోడలు:
చిమ్నీయే! కిటికీ తీయగానే పొగ లోపలికి మళ్ళింది. బాబుకు ఇప్పుడే ముక్కు కారడం మొదలైంది, ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది.

పిల్లల_వార్డు:
ఇంట్లో ఫ్లూ ఉంది కాబట్టి బాబుకూ అదే అనుకుని ఈరోజే చూపించండి. అయిదేళ్ళలోపు పిల్లలకు ప్రమాదం ఎక్కువ. 12 కిలోల పిల్లాడికి ఒసెల్టామివిర్ 30 మి.గ్రా. రోజుకు రెండుసార్లు రాస్తారు, సిరప్ కూడా దొరుకుతుంది.

పారాసెటమాల్ దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. కిలోకు 10 నుంచి 15 మి.గ్రా., అంటే మీ బాబుకు ఒక్కసారికి 120 నుంచి 180. సీసా మీద 5 ఎంఎల్‌లో 120 మి.గ్రా. అని ఉంటే 5 నుంచి 7.5 ఎంఎల్. అదే 250 మి.గ్రా. సీసా అయితే రెండున్నర నుంచి మూడున్నర ఎంఎల్. రెండు సీసాలూ ఒకేలా ఉంటాయి. 120 లెక్కన అలవాటై 250 సీసాలోంచి ఏడున్నర పోస్తే రెట్టింపు పడినట్టే. డ్రాప్స్ ఇంకా చిక్కన, ఒక్క ఎంఎల్‌లోనే 100 మి.గ్రా. ఉంటుంది. వంటింటి స్పూను వద్దు, సీసాతో వచ్చిన కొలత మూతో, సూది లేని సిరంజో వాడండి. డోసుకు డోసుకు కనీసం నాలుగు గంటలు, రోజుకు నాలుగుసార్లకు మించి వద్దు. మెఫెనమిక్ యాసిడ్ కలిపిన కొన్ని జ్వరం సిరప్‌లలో, కొన్ని జలుబు సిరప్‌లలో కూడా పారాసెటమాల్ ఉంటుంది. రెండూ కలిపి పోస్తే లెక్క తప్పుతుంది.

దగ్గు మందు మాత్రం ఏదీ వద్దు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన జలుబు మందు నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడకూడదని 2023 డిసెంబర్‌లోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. ముక్కులో సెలైన్ చుక్కలు, రాత్రి పడుకునే ముందు అర చెంచా తేనె చాలు. ఏడాదిలోపు పిల్లలకైతే తేనె అస్సలు వద్దు. ఆవిరి పట్టకండి. అది వైరస్‌ను చంపదు, గిన్నె ఒలికి కాలిన పిల్లలే ఎక్కువ. ఆస్పిరిన్ కూడా ఇవ్వకండి, ఫ్లూలో పిల్లల మెదడుకు, లివర్‌కు ప్రమాదం.

నిద్రలో ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, పొట్ట పైకీ కిందికీ ఆడడాన్ని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. ఏడుస్తున్నప్పుడు లెక్కపెడితే పనికిరాదు. ఈ వయసులో 40 లేదా ఆపైన ఉంటే, పక్కటెముకల కింద గుంటలు పడుతుంటే, 8 గంటలుగా మూత్రం రాకపోతే నీలోఫర్‌కో, దగ్గర్లోని పిల్లల ఆసుపత్రికో బయల్దేరండి. రాత్రయితే 108.

మాస్కు_మాట:
మీరు ఆయన గదిలోకి వెళ్ళేటప్పుడు ఎన్‌95 వేసుకోండి, ఆయన సర్జికల్ మాస్కు పెట్టుకోవాలి. వాల్వ్ ఉన్న మాస్కు ఆయనకు ఇవ్వకండి, వదిలిన గాలి వడపోత లేకుండా బయటికి వస్తుంది. మీ మాస్కు ముక్కు పట్టీని రెండు చేతుల వేళ్ళతో నొక్కి, గట్టిగా ఊదండి. కళ్ళ దగ్గర గాలి తగిలితే సందు ఉన్నట్టు. ప్లేటు బయట పెట్టి, చేతులు సబ్బుతో 20 సెకన్లు కడిగాకే బాబును ముట్టుకోండి. లక్షణాలు మొదలైన రోజు నుంచి కనీసం అయిదు రోజులు, అందులో చివరి 24 గంటలు పారాసెటమాల్ లేకుండా జ్వరం రాకపోతేనే ఆయన్ని హాల్లోకి రానివ్వండి. దగ్గు ఇంకా ఉంటే మాస్కుతోనే.

అత్తమ్మకు ఫ్లూ టీకా వేయించారా? వేసుకున్నా రెండు వారాలకు గానీ పనిచేయదు కాబట్టి ఈ గండానికి అందదు, అయినా వేయించండి. మన దగ్గర వానాకాలంలో ఒకసారి, చలికాలం చివర ఇంకోసారి ఫ్లూ లేస్తుంది. డబ్బా మీద ఏ ఏడాది స్ట్రెయిన్లో (వైరస్ రకాలో) చదవండి, పాతది వేయించుకోకండి. బాబుకు మొదటిసారి అయితే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు.

ఆక్సీమీటర్ కొంటే అత్తమ్మ చేతులు వెచ్చగా రుద్ది, గోరింటాకు, నెయిల్ పాలిష్ లేని వేలికి పెట్టండి. పెట్టగానే కనిపించే అంకె నమ్మకండి, నిమిషం ఆగి నిలకడగా ఉన్న అంకె రాసుకోండి. 94 కంటే తగ్గితే అదే పూట ఆసుపత్రికి తీసుకెళ్ళండి, 90 దిగితే అంబులెన్స్‌లో.