చర్చ: స్వస్థత రాకపోయినా సంతోషంగా ఉండొచ్చా?

తార్నాక_తమ్ముడు: అందరికీ వందనాలు. చిన్నప్పటి పోలియో, ఎడమ కాలికి కాలిపర్ (ఊతంగా కట్టుకునే పట్టీ). మొన్న ఒక స్వస్థత కూడికలో కాలిపర్ విప్పించి నడవమన్నారు. నాలుగో అడుగుకే పడ్డాను. "విశ్వాసం చాలలేదు బ్రదర్" అన్నారు. దెబ్బ మోకాలికే, కానీ నెల నుంచి చర్చికి పోబుద్ధి కావట్లేదు. మీరెట్లా సంతోషంగా ఉంటున్నారు?

మల్కాజిగిరి_అక్క: తమ్ముడూ, బైబిల్లో యోహాను సువార్త 9 తియ్యి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని శిష్యులడిగితే, వీడిదీ కాదు, కన్నవాళ్లదీ కాదన్నాడు ప్రభువు. నీకు విశ్వాసం చాలలేదన్నవాళ్లు ఆ పేజీ దాటేసినట్టున్నారు. 2014లో యాక్సిడెంటై నాకు నడుం కింద స్పర్శ పోయింది. రెండేళ్లు నోట పాట రాలేదు. ఇప్పుడు కొయర్‌లో ఉన్నా, కూర్చునే పాడతా.

వీల్‌చైర్_నాన్న: మా చర్చికి ఐదు మెట్లు. ప్రతి ఆదివారం నలుగురు నన్ను ఎత్తుకెళ్లేవారు. మార్కు 2లో పక్షవాయువు రోగిని మోసిన నలుగురితో పోల్చి పాస్టర్‌గారు మురిసిపోయేవారు. నాకేమో బియ్యం బస్తాలా ఉండేది. కమిటీ దగ్గరికి 2016 వికలాంగుల హక్కుల చట్టం పట్టుకుపోలేదు, టేపు పట్టుకుపోయా. వీల్‌చైర్ ఎక్కాలంటే అడుగు ఎత్తుకు పన్నెండడుగుల వాలుదారి (ర్యాంపు) కావాలి. మెట్ల ఎత్తు రెండున్నర, అంటే ముప్పై అడుగులు! ఆవరణ చాలక మధ్యలో మలుపు తిప్పి కట్టారు. ఇప్పుడు ఎవరి కోసమూ ఆగక్కర్లేదు, హాయిగా ఆలస్యంగా కూడా పోతున్నా.

ఉప్పల్_96: నాకైతే కోపమే వస్తది అన్నా. రాత్రి రెండింటికి నొప్పి లేస్తే సాక్ష్యాలు వినబుద్ధి కాదు. 88వ కీర్తన చదువుకుంటా. అది చీకట్లోనే ఆగిపోతది. అట్లాంటి ప్రార్థన కూడా బైబిల్ల ఉంచిండ్రు గదా, అదే నాకు ధైర్యం.

బోయిన్‌పల్లి_టీచర్: ఐదేళ్లప్పుడు దాది చేతిలోంచి పడి కుంటివాడైన సౌలు రాజు మనవడు మెఫీబోషెతును దావీదు రాజు పిలిపించి రోజూ తన బల్ల దగ్గరే భోజనం పెట్టాడు. 2 సమూయేలు 9 చివరి వచనం చూడండి. అప్పటికీ కాళ్లు రెండూ కుంటివే. బాగుచేశాక కూర్చోబెట్టలేదు.

తార్నాక_తమ్ముడు: రాత్రి రెండుసార్లు చదివాను టీచర్‌గారూ. అక్కా, మీ దగ్గర ఆరాధన ఎన్నింటికి? మెట్లున్నాయా?

మల్కాజిగిరి_అక్క: పదింటికి. మెయిన్ గేటు వైపు మెట్లున్నాయి, పక్క గేటు చదునే. ఆటోవాడికి పక్క గేటు అని చెప్పు. కాలిపర్ వేసుకునే రా.