రూటర్ పెట్టాక 300 కాస్తా 94 దగ్గర ఆగిపోతోంది: లోపం ఎక్కడ?

నిజాంపేట నివాసి:
నమస్కారం. మా ప్లాన్ 300 ఎంబీపీఎస్. ఫైబర్ వచ్చి చేరే ఆపరేటర్ పెట్టె ప్రధాన ద్వారం పక్కన, చెప్పుల అలమర పైన ఉంది. అక్కడి వైఫై పడకగదులకు అందడం లేదని సొంతంగా ఒక రూటర్ కొని హాల్లో టీవీ కింద పెట్టాము. ఈ రెండింటినీ కలిపేది, అపార్ట్‌మెంట్ కట్టేటప్పుడే బిల్డర్ గోడలో వేయించిన కేబుల్. ల్యాప్‌టాప్‌ను నేరుగా ఆపరేటర్ పెట్టెకు వైరుతో తగిలిస్తే 290 వరకు వస్తోంది. రూటర్‌కు తగిలిస్తే మాత్రం ఉదయమైనా, అర్ధరాత్రయినా 94 దాటడం లేదు. లోపలి పడకగదిలో ఫోన్‌కు వైఫై మీద 35 రావడమే కష్టంగా ఉంది. ఫ్యాక్టరీ రీసెట్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రెండూ చేశాము. కస్టమర్ కేర్ వారు రూటర్ మార్చమంటున్నారు. కాని దాని పోర్టులన్నీ గిగాబిట్‌వే, అంటే 1000 ఎంబీపీఎస్‌వే, అని డబ్బా మీద రాసి ఉంది. మార్చే ముందు ఏమి పరీక్షించాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

ఉప్పల్ ఇంజనీరు:
ఇప్పుడే మార్చకండి. మీరు ఇచ్చిన వివరాలలో అసలు ఆధారం ఆ 94లోనే ఉంది. ఈథర్నెట్‌లో, అంటే ఈ వైరు కనెక్షన్‌లో, పూర్తి పరిమాణం గల ఒక ప్యాకెట్ (డేటా ముక్క) వెళ్లడానికి తీగ మీద 1,538 బైట్ల చోటు పడుతుంది. అందులో మనకు చేరే డేటా సుమారు 1,448 బైట్లే, మిగిలినది చిరునామాలకు, ప్యాకెట్ల మధ్య విరామానికి సరిపోతుంది. కాబట్టి రెండు పరికరాలను కలిపే లింకు 100 ఎంబీపీఎస్‌ది అయితే దాని మీద ఎంత మంచి రూటర్ పెట్టినా స్పీడ్ టెస్ట్ 94, 95 దగ్గరే ఆగుతుంది. రద్దీ వల్ల తగ్గిన వేగం వేళను బట్టి మారుతుంది. మీది మారడం లేదంటే ఎక్కడో ఒక లింకు 1000కి బదులు 100 మీద నడుస్తోందన్నమాట.

నా అనుమానం గోడలోని కేబుల్ మీదే. 100కు రెండు జతలు, అంటే నాలుగు తీగలు చాలు. గిగాబిట్‌కు నాలుగు జతలూ, మొత్తం ఎనిమిది తీగలూ కలవాలి. ఒక్క తీగ తెగినా లింకు చాలాసార్లు చప్పుడు లేకుండా 100కు దిగిపోతుంది, ఇంటర్నెట్ ఆగదు కనుక ఎవరికీ అనుమానం రాదు. రూటర్‌ను తాత్కాలికంగా ద్వారం దగ్గరికి తెచ్చి, దానితో వచ్చిన పొట్టి కేబుల్‌తో ఆపరేటర్ పెట్టెకు కలిపి చూడండి. అప్పుడు 290 వస్తే రూటర్‌లో ఏ దోషమూ లేనట్టే.

మియాపూర్ పాఠకుడు:
రూటర్‌లో క్యూఓఎస్, అంటే ఒక్కో పరికరానికి వేగాన్ని పంచే సదుపాయం, ఆన్‌లో ఉందేమో కూడా చూడండి. చవక రూటర్లలో అది ఆన్ చేస్తే ప్యాకెట్లను వేగంగా దాటించే హార్డ్‌వేర్ మార్గం ఆగిపోయి, భారమంతా చిన్న ప్రాసెసర్ మీద పడుతుంది. రెండు పెట్టెలూ రూటర్లుగా పనిచేస్తున్నా ఇబ్బందే కదా?

ఉప్పల్ ఇంజనీరు:
క్యూఓఎస్ విషయం నిజమే, కాని ప్రాసెసర్ అలసిపోయినప్పుడు అంకె ఊగిసలాడుతుంది, ఇలా ఒకే చోట నిలబడదు. రెండు రూటర్లు ఉండడం వల్ల కొన్ని ఆటలకు, బయటి నుంచి చూసే సీసీ కెమెరాలకు చిక్కులు వస్తాయి. డౌన్‌లోడ్ వేగం మూడో వంతుకు పడిపోవడానికి మాత్రం అది కారణం కాదు.

నిజాంపేట నివాసి:
మీరన్నట్టే పొట్టి కేబుల్‌తో 290 వచ్చింది. హాల్లోని సాకెట్ విప్పి చూస్తే నీలం జత పక్కనున్న ల్యాండ్‌లైన్ సాకెట్‌కు వెళ్లింది, గోధుమరంగు జతను ఎక్కడా కలపకుండా చుట్టి వదిలేశారు. మాకు ల్యాండ్‌లైన్ లేదు. ఆ రెండు జతలను కూడా కలిపేయవచ్చా?

ఉప్పల్ ఇంజనీరు:
నిస్సందేహంగా కలపవచ్చు. ద్వారం వైపు చివర కూడా విప్పి చూడండి, అక్కడా ఇదే తంతు జరిగి ఉంటుంది. రెండు చివర్లలోనూ రంగుల వరుస ఒకటే ఉండాలి: నీలం 4, 5 పిన్నులకు, గోధుమరంగు 7, 8 పిన్నులకు. పనిముట్లు లేకపోతే సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో క్రింపింగ్ టూల్ (కేబుల్ చివర కనెక్టర్ బిగించే పనిముట్టు), కనెక్టర్లు దొరుకుతాయి. ఒకవేళ కేబుల్ మార్చాల్సివస్తే పూర్తి రాగిది అడిగి తీసుకోండి. అల్యూమినియం మీద రాగి పూత వేసినదాన్ని సగం ధరకు అంటగడతారు, అది వంగిన చోట త్వరగా విరుగుతుంది.

పడకగది వైఫై వేరే సమస్య, కేబుల్ బాగుచేస్తే అది తీరదు. ఫోన్ వైఫైలోని 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ (తరంగాల శ్రేణి) మీద ఉండి ఉంటుంది. ఆ బ్యాండ్‌లో ఒకదానిపై ఒకటి పడని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే, నిజాంపేట వంటి చోట పక్క ఫ్లాట్ల రూటర్లన్నీ వాటి కోసమే పోటీపడతాయి. ఫోన్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి చూడండి. అయితే అది గోడలను దాటడంలో బలహీనం కనుక, ముందు రూటర్‌ను టీవీ కింద నుంచి తీసి, పడకగది తలుపుకు ఎదురుగా కాస్త ఎత్తులో పెట్టి, ఆ తర్వాత కొలిచిన అంకె ఇక్కడ రాయండి.