'దేవుణ్ణి నమ్మను' అంటే లేడనేనా?

మొన్న భోజనాల దగ్గర మా మేనల్లుడు "నేను దేవుణ్ణి నమ్మను" అన్నాడు. మా అమ్మ పులిహోర వడ్డిస్తూనే, "ఏం, నీకేమన్నా బాకీ ఎగ్గొట్టాడా?" అంది. అందరూ నవ్వారు గానీ, వ్యాకరణం ఆవిడ పక్షానే ఉందని నాకనిపించింది.

"మా పాలవాణ్ణి నమ్మను" అంటే పాలవాడు లేడని కాదు కదా. ఉన్నాడు, నీళ్లు కలుపుతాడు. 'ని/ను' తగిలించి 'నమ్ము' అంటే ముందు తోచేది భరోసా సంగతే. ఉనికి సంగతి తేల్చి చెప్పాలంటే 'అని' రావాలి. అక్కడా రెండు దారులు: "ఉన్నాడని నమ్మను", "లేడని నమ్ముతాను". మొదటిది అన్నవాడు "చూపించు, నమ్ముతా" అని కూర్చోవచ్చు. రెండోది అన్నవాడు తనూ ఒక మాట ఒప్పుకున్నట్టే, రుజువు బరువు కొంత అతని నెత్తినా పడుతుంది. మన వాదనలు సగం ఈ రెంటినీ కలిపేయడం వల్లే తెగవు.

పోతన గజేంద్రుణ్ణి చూడండి. "కలఁడు కలం డనెడివాఁడు కలఁడో లేఁడో" అని సందేహపడతాడు. నాలుగు పద్యాలు గడిచేసరికి "నీవే తప్ప నితఃపరం బెఱుఁగ" అంటాడు. మధ్యలో రుజువేమీ దొరకలేదు, ఒంట్లో ఓపిక అయిపోయిందంతే. ఉన్నాడని తేలకుండానే నమ్మాడు!

ఒకరి జవాబు: బాగుంది. 'నాస్తికుడు' మాటకూ మొదట్లో దేవుడితో పనిలేదు. సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని సూత్రం "అస్తి నాస్తి దిష్టం మతిః" (4.4.60). 'ఉంది' అనుకునేవాడు ఆస్తికుడు, 'లేదు' అనుకునేవాడు నాస్తికుడు, అంతే. ఏది ఉందో, ఏది లేదో ఆయన చెప్పలేదు. ఆ సూత్రాలకు వ్యాఖ్యానమైన కాశికా వృత్తి 'పరలోకం' అని పూరించింది. మనువు "నాస్తికో వేదనిందకః", అంటే వేదాన్ని నిందించేవాడే నాస్తికుడు, అన్నాడు. అందుకే సృష్టికర్త అక్కర్లేదన్నా వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకున్న మీమాంసకులు కూడా ఆస్తికుల్లోనే లెక్క. 1940లో నాస్తికవాది గోరా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టేనాటికి ఆ మాట నేరుగా దేవుడి మీదకే వచ్చేసింది.

ఇంకొకరి జవాబు: 'ప్రమాణం' సంగతి మరిచారు. తార్కికుడికి అది ప్రత్యక్షం (కళ్లారా చూడడం), అనుమానం (గుర్తును బట్టి తేల్చుకోవడం) లాంటి జ్ఞానసాధనం. ఊళ్లో అయితే ఒట్టు. "ప్రమాణం ఏది?" అని ఒకాయన అడిగితే, "పద, కాణిపాకం వినాయకుడి గుళ్లో చేస్తా" అని ఇంకొకాయన లేస్తాడు. దేవుడున్నాడా అన్నదే తగువైతే ఆ ప్రమాణం ఎలా చెల్లుతుందో మరి!

మళ్లీ నేనే: ఇదంతా మేనల్లుడికి చూపించాను. "సరే, ఇకనుంచి 'ఉన్నాడని నమ్మను' అంటాలే" అన్నాడు. అమ్మ ఊరుకోలేదు. "అదీ కాదు, లేడని ఒట్టెయ్యి చూద్దాం" అంది.

"ఎవరి మీద వెయ్యను, అమ్మమ్మా?"