యాడ్ బ్లాకర్ పెడితే తప్పా? అసలు జనం ఎందుకు పెడుతున్నారు?

ఏరియేటర్:
నమస్తే అండి అందరికీ. మాది భీమవరం పక్కన, రొయ్యల చెరువులు. నాన్న పొద్దున్నే గట్టు మీద నుంచే ఆ రోజు రేట్లు ఫోన్‌లో చూస్తారు, 100 కౌంట్ ఎంత 40 కౌంట్ ఎంత అని (కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క). ఆ పేజీలో రేట్ల పట్టిక కాస్తంతే, మిగతా స్క్రీనంతా యాడ్లే, కింద నుంచి ఒకటి లేస్తుంది, దాన్ని మూసే ఇంటూ గుర్తు ఎక్కడో మూలన కనపడీ కనపడకుండా పెడతారు, ఆయన చేతికి మేత అంటుకుని ఉంటుంది కదా, అది నొక్కబోతే యాడ్ మీద పడి ఏదో యాప్ దింపుకోమని ఇంకో పేజీ తెరుచుకుంటుంది. అసలే గట్టు మీద సిగ్నల్ అంతంతమాత్రం.

ఇంకోటి. అమ్మకి షుగర్ అని తేలాక నా ఫోన్‌లో దాని మందుల గురించి వెతికాను. అప్పటి నుంచి ఏం తెరిచినా షుగర్ తగ్గించే పొడులు, కషాయాలే. ఇప్పుడు చెల్లి ఫోన్‌లోకి కూడా వచ్చేశాయి. దానికి పరీక్షలున్నాయి, అయ్యేదాకా చెప్పొద్దంది అమ్మ, ఈ యాడ్లే చెప్పేసేలా ఉన్నాయి.

యాడ్లు రాకుండా ఆపే బ్లాకర్ పెడదామంటే మా బావ ఒప్పుకోడు, సైట్ల వాళ్ళు బతికేది యాడ్ల మీదే, ఫ్రీగా చదివేసి డబ్బులు రానివ్వకపోతే దొంగతనమే అంటాడు. మీరేమంటారు?

లంకలో_నెట్:
మీ బావ చెప్పింది సగం కరెక్టే తమ్ముడూ. నేను హైదరాబాద్‌లో యాడ్ల సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేసొచ్చాను, ఇప్పుడు ముమ్మిడివరంలో ఇంటి నుంచి వేరే పని, కాబట్టి లోపల జరిగేది చెప్తాను. మీ నాన్నగారు పేజీ తెరిచినప్పుడు అక్కడ ఏ యాడ్ పడుతుందో చాలాసార్లు సైట్ వాడికే తెలీదు. రేవులో చేపల బుట్ట దించగానే పాట మొదలైపోతుంది చూడు, అలా అప్పటికప్పుడు వేలం పెడతారు. ఫోన్ మోడల్, ఏ ఊరి చుట్టుపక్కల ఉన్నారు, ఏం చదువుతున్నారు, ఇదివరకు ఫోన్‌లో పెట్టిన కుకీ (మనల్ని గుర్తుపట్టడానికి సైట్లు ఫోన్‌లో దాచే చిన్న చీటీ) నంబర్, ఇవన్నీ బోలెడు కంపెనీలకి వెళ్తాయి, కన్ను మూసి తెరిచేలోపు పాట అయిపోతుంది. గెలిచేది ఒక్కడే. కానీ ఓడిపోయినోళ్ళ చేతికి కూడా మీ సమాచారం వెళ్ళిపోయింది కదా, వాళ్ళు దాచుకోలేదని ఎవడు చూడొచ్చాడు? జనానికి ఒళ్ళు మండేది ఇక్కడే. యాడ్ కనపడిందని కాదు, వెనకాల పడుతున్నారని.

చెల్లి ఫోన్ సంగతి: మీ వైఫై మీదున్న ఫోన్లన్నీ బయటికి మామూలుగా ఒకే ఐపీ అడ్రస్‌తో, అంటే నెట్‌లో మీ కనెక్షన్‌కి ఉండే నంబర్‌తో కనపడతాయి. అది చూసి ఇదంతా ఒకే ఇల్లని లెక్కేసి యాడ్లు వేస్తారు. ఫోన్ మైకు వింటోందని చాలామంది అంటారు గానీ అంత కష్టం వాళ్ళకి అక్కర్లేదు.

కుకీని 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో లూ మాంటుల్లి అనే ఇంజనీర్ తెచ్చినప్పుడు అది సైట్ తన దగ్గరికొచ్చిన మనిషిని గుర్తు పెట్టుకోవడానికి. దాంతో ఊరంతా మన వెనక తిరగడం యాడ్లోళ్ళు తర్వాత నేర్చిన విద్య. ఆపిల్ వాళ్ళ సఫారీ బ్రౌజర్ 2020లో థర్డ్ పార్టీ కుకీలు, అంటే మనం తెరిచిన సైట్ కాకుండా బయటోళ్ళు పెట్టేవి, మొత్తం ఆపేసింది. గూగుల్ కూడా క్రోమ్‌లో తీసేస్తామని 2020లోనే చెప్పి, వాయిదాలేసి వాయిదాలేసి 2024 జులైలో ఆ ప్లాన్ పక్కన పెట్టేసింది. వాళ్ళ రాబడే యాడ్లు, తియ్యమంటే తీస్తారా ఏంటి.

పూతరేకు:
ఆత్రేయపురం నుంచి. నాది వంటల సైట్, చిన్నదే, దాని మీద వచ్చే యాడ్ డబ్బులతోనే సర్వర్ ఖర్చు, కొత్త ఫోన్ వాయిదా వెళ్తున్నాయి. మీరంతా బ్లాకర్ పెడితే నాలాంటి వాళ్ళకే ముందు దెబ్బ, పెద్దవాళ్ళకి ఏం కాదు. రెసిపీ అంతా చదివేసి, కింద కామెంట్‌లో కొలతలు కూడా అడిగి, యాడ్ మాత్రం వద్దంటే ఎలాగండీ?

కాకపోతే ఒకటి ఒప్పుకోవాలి, నా పేజీలో ఏ యాడ్ వస్తుందో నాకే తెలీదు. పూర్ణాల రెసిపీ మధ్యలో బట్టతల మందు వేస్తారు. తీసెయ్యండని రాస్తే ఆ రకం ఆపుతారు, మళ్ళీ ఇంకో పేరుతో దిగుతుంది. ఇక్కడి నెయ్యి షాపు వాళ్ళ బొమ్మ ఒకటి నేనే పెట్టుకుంటే ఏ ట్రాకింగూ అక్కర్లేదు, కానీ నెలనెలా ఇచ్చే షాపు దొరకాలిగా.

రిటైర్డ్_మాష్టారు:
ఆయ్, అమ్మాయి చెప్పింది నిజవేనండి. పేపర్లో యాడ్లు మనం ఎన్నేళ్ళ నుంచో చూస్తున్నాం, ఎవరూ చింపేసి చదవలేదే. నేను ఏ పేజీ ఎంతసేపు చూశానో పేపరోడికి తెలీదు, అంతే తేడా. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ డేటా చట్టంలో 18 ఏళ్ళలోపు పిల్లల్ని ట్రాక్ చేసి వాళ్ళకి గురి పెట్టి యాడ్లు వెయ్యకూడదని రాశారు. పిల్లలకి చెడ్డదైంది మా ముసలాళ్ళకి మంచిదెలా అయిందో మరి.

సెల్_పాయింట్_రాజోలు:
మా షాపుకి రోజూ వస్తారండి, ఫోన్ నిండా యాడ్లు, తీసెయ్ బాబూ అని. చూస్తే సగం మందివి ఇలా యాడ్ నొక్కి దింపుకున్న యాప్‌లే. అందుకే నేను దొంగతనం అనే మాట ఒప్పుకోను, ఇది తలుపు గడియ పెట్టుకోవడం. 2016 మార్చిలో న్యూయార్క్ టైమ్స్, బీబీసీ లాంటి సైట్లలోనే యాడ్ల ద్వారా వైరస్ దూర్చారు, ఇక మన రేట్ల సైట్ ఎంత. 2022 డిసెంబర్‌లో అమెరికా ఎఫ్‌బీఐ వాళ్ళే, సెర్చ్‌లో కంపెనీల పేరుతో దొంగ యాడ్లు వస్తున్నాయి, యాడ్ బ్లాకర్ వాడుకోండని చెప్పారు.

నాన్నగారి ఫోన్ ఆండ్రాయిడ్ అయితే ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వేసి అందులో యూబ్లాక్ ఆరిజిన్ అనే బ్లాకర్ పెట్టండి, ఫోన్‌లో క్రోమ్‌కి ఇలాంటివి తగిలించలేం. యూబ్లాక్‌ని 2014లో మొదలెట్టిన రేమండ్ హిల్ విరాళాలు కూడా తీసుకోడు. యాడ్‌బ్లాక్ ప్లస్ అనే ఇంకో బ్లాకర్ వేరే లెక్క, వాళ్ళ రూల్స్‌కి ఒప్పుకున్న యాడ్లని 2011 నుంచి వదిలేస్తున్నారు, పెద్ద కంపెనీల దగ్గర దానికి డబ్బులు కూడా తీసుకుంటారు. సెట్టింగ్స్‌లో గూగుల్ కింద యాడ్స్‌లోకి వెళ్ళి అడ్వర్టైజింగ్ ఐడీ (యాడ్లోళ్ళు ఫోన్‌ని గుర్తుపట్టే నంబర్) డిలీట్ కొట్టండి, అందరి ఫోన్లలోనూ.

ఏరియేటర్:
థాంక్సండి, నాన్న ఫోన్‌లో పెట్టేశాను, పేజీ చప్పున వచ్చేస్తోంది. పూతరేకు గారూ, మీ సైట్‌కి మాత్రం బ్లాకర్ ఆఫ్ చేశాను, అమ్మ చూస్తుంది. ఒక డౌట్, ఇంట్లో అన్ని ఫోన్లకీ ఒకేసారి పని చేసేది ఏమన్నా ఉందా? నాన్న యూట్యూబ్ యాప్‌లో కూడా యాడ్లు పోవాలంటున్నారు.

సెల్_పాయింట్_రాజోలు:
రూటర్‌లో యాడ్లు ఆపే డీఎన్ఎస్ (సైట్ పేరు చెప్తే దాని అడ్రస్ వెతికిచ్చే సర్వీసు) పెట్టుకోవచ్చు, వైఫై మీదున్న ఫోన్లన్నిటికీ పని చేస్తుంది. బయటికెళ్ళినప్పుడు కూడా కావాలంటే ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్‌లోనే ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఉంటుంది, అక్కడ పెట్టండి. ఒక్కోసారి ఆఫర్ మెసేజుల్లో లింకులు తెరుచుకోవు, అప్పుడు కాసేపు ఆపుకోండి. యూట్యూబ్‌కి మాత్రం అది పనికి రాదు, వీడియో వచ్చే సర్వర్ల నుంచే యాడ్ కూడా వస్తుంది, ఒకటి ఆపితే రెండూ ఆగుతాయి. ఫైర్‌ఫాక్స్‌లో యూట్యూబ్ తెరిచి చూడమనండి నాన్నగారిని, లేదంటే ప్రీమియం కట్టడమే.